డబ్బు పోతే సంపాదించుకుంటాం, పోయిన తేదీని ఎవరు తెచ్చిస్తారు? పేటెంట్ మోసాల మీద ఒక బహిరంగ లేఖ

పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్ మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పరిశ్రమల శాఖ అధికారులకు,
రిజిస్టరైన పేటెంట్ ఏజెంట్లందరికీ,

నమస్కారం.

నేను గుంటూరు ప్రాంతంలో లేత్, వెల్డింగ్ షాపు నడుపుకునేవాణ్ని. ఐటీఐ ఫిట్టర్ చదివాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పద్ధతి ప్రకారం వెళ్లాల్సిన చోట్లన్నిటికీ వెళ్లి, అర్జీలు పెట్టి, ఏ జవాబూ దొరక్క ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాను.

మా షాపులో వినాయకుడి పటం పక్కన ఒక లామినేషన్ కాగితం ఏడాదిన్నరకు పైగా వేలాడింది. పైన బంగారు రంగు సీలు, కింద మెరిసే హోలోగ్రామ్, మధ్యలో ఇంగ్లిషులో నా పేరు. పండక్కి పటాలతో పాటు దానికీ బొట్టు పెట్టాం. అది పేటెంట్, అంటే నేను చేసిన ఒక మెషిన్ మీద ప్రభుత్వం ఇచ్చిన హక్కు అనుకున్నాం. అది పేటెంట్ కాదని 2024 మార్చిలో తెలిసింది.

ముందు ఆ మెషిన్ గురించి చెప్పాలి. మా వైపు ఎండుమిర్చి తొడిమలు తీసే పని ఆడవాళ్లది. మా అక్క పద్నాలుగేళ్లుగా కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లలో ఆ పనికే వెళ్తోంది. కిలోకు ఇంత అని కూలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా గోటితో తొడిమ గిల్లడమే. ఇంటికొచ్చాక చేతులకు కొబ్బరినూనె రాసుకుని, మజ్జిగలో ముంచుకుని, అయినా మంట తగ్గక అన్నం చెంచాతో తినేది. పిల్లాడి ముఖం కడగాలన్నా మా అమ్మే కడగాలి. అది చూసి నేను ఒక మెషిన్ చేశాను. సన్నటి గాడులున్న జల్లెడ డ్రమ్ము, దాని కింద ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్లు, అర హెచ్‌పీ మోటారు. కాయ జల్లెడ మీద ఉంటుంది, తొడిమ గాడిలోంచి కిందికి జారుతుంది, రోలర్లు దాన్ని పట్టి లాగేస్తాయి. ఇలాంటి ప్రయత్నాలు నాకంటే ముందు వేరేవాళ్లూ చేసి ఉంటారు. కానీ బాగా ఎండిన కాయ రోలర్ దగ్గర పగిలి గింజ రాలిపోతుంది. నేను మూడేళ్లు కష్టపడింది అక్కడే. కాయ ఎండును బట్టి రోలర్ల మధ్య బిగువు దానంతటదే సర్దుకునేలా ఒక స్ప్రింగు అమరిక చేశాను. నాది అని నేను చెప్పుకోగలిగింది ఆ స్ప్రింగు ఒక్కటే.

2022లో ఒక ఎగ్జిబిషన్‌లో ఒక కన్సల్టెన్సీ మనిషి పరిచయమయ్యాడు. కార్డు మీద "పేటెంట్ అటార్నీ" అని ఉంది. మెషిన్ ఫొటోలు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ ఫోన్. "సార్, మీ ఐడియా ఇవాళ రాత్రి ఎవరైనా ముందు వేసేస్తే మీరు జీవితాంతం చూస్తూ కూర్చోవాలి సార్" అన్నాడు. ఆ మాటతో మాకు నిద్ర పట్టలేదు. ముందు 45,000 కట్టాం. నెల తిరక్కుండా డ్రాఫ్టింగ్, సెర్చ్ రిపోర్టు అని 60,000 అడిగాడు. మా అక్క గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చింది. "తీసుకోరా, నా చేతుల కోసమే కదా చేశావు" అంది. తర్వాత ఇంటర్నేషనల్ పేటెంట్ కోసమని ఇంకో 40,000. మొత్తం 1,45,000 రూపాయలు. అప్పుడే ఆ లామినేషన్ కాగితం వచ్చింది. "ఇంక మీరు ధైర్యంగా ఎక్కడైనా చూపించుకోవచ్చు సార్" అన్నాడు.

మేం అలాగే చూపించాం. 2023 సంక్రాంతి తర్వాత ఒక కిసాన్ మేళాలో పెట్టాం. యూట్యూబ్ చానల్ వాళ్లు వచ్చి వీడియో తీశారు. మూత విప్పి స్ప్రింగు ఎలా పనిచేస్తుందో నేనే వేలు పెట్టి చూపించాను.

ఏడాది గడిచాక ఇంకో ఊళ్లో అచ్చు అలాంటి మెషిన్ అమ్ముతున్నారని తెలిసి, ఆ కాగితం పట్టుకుని హైదరాబాదులో ఒక రిజిస్టరైన పేటెంట్ ఏజెంట్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఫీజు తీసుకోలేదు. లామినేషన్ కాగితాన్ని పక్కన పెట్టి, దాంతోపాటు వచ్చిన చిన్న ప్రింటవుట్ రసీదు చదివారు. అందులో కట్టిన మొత్తం 1,600 రూపాయలు. మేం ఇచ్చిన లక్షా నలభై ఐదు వేలలో ప్రభుత్వానికి చేరింది అంతే. ఆయన మెల్లగా చెప్పారు: "ఇది ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు అండీ. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే మెషిన్ పూర్తి వివరం వెయ్యాలి. వెయ్యలేదు. గడువు దాటి ఏడు నెలలైంది." ఆ ప్రొవిజనల్ కాగితాలు కూడా తెప్పించి చూశాం. రెండు పేజీలు. మెషిన్ గురించి ఆరు వాక్యాలు. స్ప్రింగు మాటే లేదు.

అధికారులు దయచేసి ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మా నష్టం 1,45,000 అని ఫిర్యాదులో రాసుకున్నారు. అసలు నష్టం అది కాదు. ప్రొవిజనల్ వేశాక 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ వేయకపోతే పేటెంట్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఆ దరఖాస్తును వదిలేసినట్టే లెక్క. మళ్లీ కొత్తగా వేద్దామంటే, మేళాలో పెట్టి, వీడియోలో చూపించింది నేనే కాబట్టి అది ఇక కొత్తది కాదు, పేటెంట్ రాదు. మన చట్టంలో ఎగ్జిబిషన్‌లో చూపినా ఏడాది వెసులుబాటు ఇచ్చే 31వ సెక్షన్ ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లకే వర్తిస్తుంది. ఊళ్లో మేళాకు, యూట్యూబ్‌కు వర్తించదు. 1,45,000 రెండు మూడేళ్లు కష్టపడితే తీరుతుంది. పోయిన ఆ దరఖాస్తు తేదీ మాత్రం నాకు మళ్లీ రాదు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. డబ్బు తీసుకుని కాగితం ఇచ్చాడు కదా, ఇది సివిల్ మేటర్ అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. సంబంధిత శాఖకు పంపాం అని ఒక మెసేజ్, నెల తర్వాత పరిష్కారమైంది అని ఇంకో మెసేజ్ వచ్చాయి. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర తిరిగాను. తిరిగిన చోటల్లా నాలాంటివాళ్లు కనిపించారు. వాళ్ల దగ్గర విన్నవి, చదివి తెలుసుకున్నవి కలిపి ఈ మోసాలు ఎలా జరుగుతున్నాయో, ఎవరు దెబ్బతింటున్నారో రాస్తున్నాను.

1. రసీదును పేటెంట్ అని అంటగడుతున్నారు. దరఖాస్తు వేయడం, అది పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో రావడం, ఆఫీసు దాన్ని పరీక్షించడం, గ్రాంట్ (మంజూరు) కావడం వేరువేరు మెట్లు. జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. అందులో పేరు కనిపిస్తే చాలు, ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించి పేటెంట్ వచ్చేసిందని శాలువాలు కప్పుతున్నారు. మామూలుగా దరఖాస్తు ప్రచురణే 18 నెలల తర్వాత. ముందే ప్రచురించమని 2,500 కట్టి అడిగినా, ప్రచురణ తేదీ నుంచి ఆరు నెలలు గడవకుండా గ్రాంట్ ఇవ్వకూడదని రూల్సే చెబుతున్నాయి. అలాంటప్పుడు "90 రోజుల్లో పేటెంట్ గ్యారంటీ" అన్న ప్రకటన చూడగానే అబద్ధమని తేలిపోవాలి. కానీ ఆ రూల్ తెలుగులో ఎక్కడుంది, మాలాంటివాళ్లు చదవడానికి?

2. ఒకదాని పేరు చెప్పి ఇంకోటి అమ్ముతున్నారు. మెషిన్ బొమ్మలతో నాలుగు పేజీలు రాయించి దానికి కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేసి "ఐడియా మీద హక్కు" అంటారు. కాపీరైట్ ఆ రాతకే, మెషిన్‌కు కాదు. దాని ప్రభుత్వ ఫీజు 500. లేదంటే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించి "డిజైన్ పేటెంట్" అంటారు. అది వస్తువు పైరూపానికే, లోపల పనిచేసే తీరుకు కాదు. మా దగ్గర ఒక పెద్దాయన కొబ్బరి ఒలిచే పరికరానికి డిజైన్ తీసుకుని, పక్కవాడు పిడి ఆకారం మార్చి అమ్ముతుంటే ఏం చేయలేక ఊరుకున్నాడు.

3. "ప్రపంచ పేటెంట్" అని డబ్బు గుంజుతున్నారు. అలాంటిది లేనే లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు ఉంది గానీ, అది కూడా తర్వాత ఏ దేశానికి ఆ దేశంలో వేసుకుని, ఆ దేశం ఫీజు కట్టి, అక్కడ పరీక్ష నెగ్గాల్సిందే. ఇంకో రకం కూడా ఉంది. దరఖాస్తు ప్రచురణ కాగానే పేరు, అడ్రసు అందరికీ తెలుస్తాయి. అప్పుడు ఫలానా అంతర్జాతీయ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కిస్తాం, ఇంత కట్టండి అని ప్రభుత్వ బిల్లులా కనిపించే కాగితాలు వస్తాయి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థే తన వెబ్‌సైట్‌లో అలాంటి దొంగ బిల్లుల నమూనాలు పెట్టి హెచ్చరిస్తోంది. మీ పేటెంట్‌ను ఒక కంపెనీ 40 లక్షలకు కొంటుంది, ముందు వాల్యుయేషన్ ఫీజు పంపండి అనే ఫోన్లూ ఈ కోవలోవే.

4. ఉత్తరాలు మోసగాడి దగ్గరికే వెళ్తున్నాయి. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. దరఖాస్తు ఫారంలో అడ్రస్ ఫర్ సర్వీస్ అని ఒక గడి ఉంటుంది. అందులో కన్సల్టెన్సీవాళ్లు తమ ఈమెయిల్, తమ ఫోన్ నంబరు రాసుకుంటారు. ఇక ఆఫీసు నుంచి వచ్చే ప్రతిదీ వాళ్లకే. పరీక్ష కోసం అడగాల్సిన గడువు ఇప్పుడు 31 నెలలు, 2024 మార్చి సవరణకు ముందు 48 నెలలు. పరీక్ష రిపోర్టు వచ్చాక జవాబుకు ఆరు నెలలు, ఫీజు కడితే ఇంకో మూడు. ఒక్కటి దాటినా అప్పటిదాకా చేసింది మట్టిలో కలుస్తుంది. మనిషి షాపులో కూర్చుని ఎదురు చూస్తూనే ఉంటాడు, అతని దరఖాస్తు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. పూర్తి స్పెసిఫికేషన్ ప్రచురణ అయ్యాక ఇలా పోతే ఇంకా ఘోరం. రహస్యమంతా లోకానికి తెలిసిపోతుంది, హక్కు మాత్రం ఉండదు.

5. పేటెంటులో కనిపెట్టినవాళ్లుగా పేర్లు అమ్ముతున్నారు. ఇది మా షాపుల గోడు కాదు, కాలేజీల సంగతి. ఫస్ట్ ఇన్వెంటర్‌కు ఇంత, మూడో పేరుకు ఇంత అని వాట్సాప్ గ్రూపుల్లో రేట్లు పెడుతున్నారు. ప్రమోషన్ కోసం, కాలేజీ ర్యాంకు కోసం లెక్చరర్లు కొంటున్నారు. కొందరికి పదిహేను రోజుల్లో యూకే డిజైన్ సర్టిఫికెట్ తెప్పించి దాన్ని "ఇంటర్నేషనల్ పేటెంట్" అని బయోడేటాలో రాయిస్తున్నారు. యూకేలో డిజైన్ రిజిస్టర్ చేసేటప్పుడు అది కొత్తదా కాదా అని పరీక్షించరు. అది చెల్లేది కూడా ఆ దేశంలోనే. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు నాలుగేళ్లు ఏం చూసి నేర్చుకోవాలో మీరే చెప్పండి.

6. నష్టం కనిపెట్టినవాడి దగ్గర ఆగదు. ఆలేరు చింతకింది మల్లేశం గారి సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. చీర చీరకు వేలసార్లు చెయ్యి తిప్పి ఆసు పోసి (నేతకు దారం సర్ది) తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం చేశారు, అమ్మ పేరు మీద లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి మంచివాళ్ల తోడు దొరికింది. అదే వయసులో నాకు దొరికినలాంటి మనిషి దొరికి ఉంటే ఎన్ని వందల ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు ఇంకా అలాగే ఉండేవో! నేను ఇంకో మెషిన్ చేయడానికి ఇప్పుడు మా ఇంట్లోవాళ్లే ఒప్పుకోవడం లేదు. మా అక్క ఇప్పటికీ షెడ్డుకు వెళ్తోంది. నా మెషిన్‌ను చూసి చేసినవాళ్లు రేటు ఎక్కువ పెట్టారు, స్ప్రింగు బిగువు సరిగా కుదర్చలేదు, కాయ పగులుతోందని షెడ్డువాళ్లు వాడడం మానేశారు.

చట్టం లేదని నేను అనడం లేదు. చట్టం ఉంది. ఎవరి దరఖాస్తు వాళ్లు సొంతంగా వేసుకోవచ్చు, ఏజెంటు తప్పనిసరి కాదు. ఏజెంటును పెట్టుకుంటే అతను సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసై, రిజిస్టర్‌లో పేరున్నవాడై ఉండాలి. రిజిస్టర్‌లో లేనివాళ్లు పేటెంట్ ఏజెంటుగా చలామణీ కావడం 129వ సెక్షన్ ప్రకారం తప్పు. 2023 జన విశ్వాస్ చట్టం సవరణ తర్వాత 123వ సెక్షన్ కింద దానికి 5 లక్షల దాకా పెనాల్టీ, ఆపకపోతే రోజుకు వెయ్యి. తప్పు చేసిన ఏజెంటు పేరును రిజిస్టర్ నుంచి తీసేయడానికి 130వ సెక్షన్ ఉంది. పేటెంట్ లేని వస్తువు మీద పేటెంట్ ఉందని రాసుకుంటే 120వ సెక్షన్ కింద 10 లక్షల దాకా. ఇన్ని ఉన్నాయి. వీటిని ఎక్కడికెళ్లి వాడమనాలో, ఎవరి టేబుల్ మీద పెట్టాలో నాకు ఏడాదిన్నరలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ప్రభుత్వ ఫీజు కూడా మేం భయపడేంత లేదు. మామూలు మనిషి ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తుకు 1,600, పరీక్షకు 4,000. పేజీలు 30, క్లెయిములు (మన హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు) 10 దాటితే అదనం. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏటా 800 రెన్యువల్. డ్రాఫ్టు రాసే ఏజెంటు ఫీజు వేరు, అది ఇవ్వాల్సిందే. క్లెయిములు రాయడం చిన్న పని కాదని నా రెండు పేజీల కాగితం చూశాక నాకు బాగా అర్థమైంది. పొలానికి గట్టు ఎక్కడ వేయాలో తెలియనివాడు వేస్తే పొలం పక్కవాడిదైపోతుంది. క్లెయిమూ అంతే. కానీ ఇందులో ఎంత సర్కారుకు, ఎంత ఏజెంటుకు అన్నది మాకు ముందే విడివిడిగా తెలియాలి. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ నాలాంటివాళ్లకు పేటెంట్ దరఖాస్తులో సాయం చేస్తుందని, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్లకు గ్రాంటయ్యాక లక్ష దాకా తిరిగి ఇచ్చే ఎంఎస్ఎంఈ పథకం ఉందని, రాష్ట్ర సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిళ్లలో పేటెంట్ ఇన్ఫర్మేషన్ సెంటర్లు ఉన్నాయని నాకు అంతా పోయాకే తెలిసింది.

అందుకే ఈ డిమాండ్లు పెడుతున్నాం. మేం అంటే నేనూ, నాతో పాటు మోసపోయిన మరో పదకొండు మందీ. వాళ్లలో కొందరు పేరు చెప్పుకోవడానికి ఇంకా భయపడుతున్నారు.

1. దరఖాస్తుదారు సొంత మొబైల్ నంబరు ఫారంలో తప్పనిసరి చేయండి. దానికి ఓటీపీ పంపి, అది చెబితేనే దరఖాస్తు తీసుకోండి. తర్వాత ప్రతి మెట్టు దగ్గరా ఆ నంబరుకు అతని భాషలో మెసేజ్ వెళ్లాలి. "మీ దరఖాస్తు ప్రొవిజనల్. ఫలానా తేదీలోగా పూర్తి స్పెసిఫికేషన్ వేయకపోతే పోతుంది." ఇంతే. గ్యాస్ బుక్ చేస్తే మెసేజ్ వస్తోంది, బ్యాంకులో పది రూపాయలు పడితే వస్తోంది. ఈ ఒక్క మెసేజ్ 2023 జూలైలో నాకు వచ్చి ఉంటే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు. మిగతావన్నీ ఆలస్యమైనా, ఇది మాత్రం వెంటనే చేయండి.

2. ఫీజు రసీదు మీద, జర్నల్ పేజీ మీద "ఇది పేటెంట్ కాదు" అని పెద్ద అక్షరాలతో తెలుగుతో సహా భారతీయ భాషల్లో అచ్చు వేయండి.

3. ఏజెంట్ల రిజిస్టర్‌లో ప్రతి పేరు పక్కన ఫొటో, జిల్లా, నంబరు చెల్లుబాటులో ఉందా లేదా అన్నది ఫోన్‌లో తేలిగ్గా కనపడేలా పెట్టండి. ఐఎన్/పీఏతో మొదలయ్యే ఆ నంబరు ఉంటుందని కూడా మాకు తెలియదు. 123, 130 సెక్షన్ల కింద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో అందరికీ తెలిసేలా చెప్పి, గడువులోగా జవాబిచ్చి, ఏటా ఎన్ని వచ్చాయో ఎన్ని తేల్చారో ప్రకటించండి. ఏజెంటు నిర్లక్ష్యం వల్ల ఒక మనిషి దరఖాస్తు పోయిన కేసులో, ఏజెంట్లకు ప్రవర్తనా నియమావళి ఉండాలని 2024లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. దాన్ని కోరలున్న నియమావళిగా అమల్లోకి తేవాలి.

4. "ఇన్వెన్షన్ ప్రమోషన్", "పేటెంట్ కన్సల్టెన్సీ" పేర్లతో నడిచే కంపెనీలకు ఒక చట్టం కావాలి. అమెరికాలో 1999లోనే చేశారు. ఒప్పందానికి ముందే, గత ఐదేళ్లలో ఎన్ని ఆవిష్కరణలు చూశాం, ఎన్ని బాగున్నాయన్నాం, ఎంతమంది కస్టమర్లకు లాభం వచ్చింది అనేవి రాతపూర్వకంగా చెప్పాలి. తప్పు చెబితే నష్టపరిహారం కోర్టులో వసూలు చేసుకోవచ్చు. అంత చట్టం ఉన్నా అక్కడ మోసం జరక్కపోలేదు. వరల్డ్ పేటెంట్ మార్కెటింగ్ అనే కంపెనీ మీద వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో కేసు వేసి, 2018లో ఆ వ్యాపారం నుంచే నిషేధించి, దాదాపు 2.6 కోట్ల డాలర్ల ఆదేశం తెచ్చింది. అక్కడ అడగడానికి ఒక సంస్థ ఉంది. ఇక్కడ మాకు ఎవరున్నారు?

5. మోసం రుజువైన చోట పోయిన గడువును తిరిగి ఇచ్చే సెక్షన్ చట్టంలో చేర్చండి. కనిపెట్టినవాడు తానే తెలియక చూపించుకుంటే అమెరికాలో, జపాన్‌లో ఏడాది వెసులుబాటు ఉంది. మన రైతుకు, మన మెకానిక్కుకు అది ఎందుకు లేదు? ఇది పార్లమెంటు చేయాల్సిన పని అని తెలుసు. ప్రతిపాదన మీ దగ్గర నుంచి వెళ్లాలని అడుగుతున్నాం.

6. రాష్ట్ర ప్రభుత్వాలకు: మేళాలు, ప్రదర్శనలు పెట్టి మమ్మల్ని పిలుస్తున్నారు, సంతోషం. తెలంగాణలో 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ అని పంద్రాగస్టుకు ప్రదర్శన నడుస్తోంది, ఆంధ్రలోనూ రకరకాలుగా జరుగుతున్నాయి. స్టాల్ ఇచ్చే ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: "బాబూ, దరఖాస్తు వేశావా? వేయకపోతే లోపలి భాగం చూపించకు." వీలైతే అలాంటి ప్రదర్శనలను 31వ సెక్షన్ కింద నోటిఫై చేయమని కేంద్రానికి రాయండి.

7. ప్రతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో వారానికి ఒక్క రోజైనా పేటెంట్ సంగతి తెలిసిన మనిషిని తెలుగులో మాట్లాడేలా కూర్చోబెట్టండి. దరఖాస్తు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండాలన్నది రూల్. రెండూ సరిగా రానివాడు ఎవరో ఒకరి చేతిలో పడక తప్పదు. మాకు చెందాల్సిన ఆఫీసు చెన్నై గిండీలో ఉంది. షాపు మూసి అక్కడిదాకా వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది?

8. పోలీసు శాఖకు ఒక సర్క్యులర్ పంపించండి. ప్రభుత్వ సర్టిఫికెట్‌లా కనిపించే దొంగ కాగితం చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటే అది సివిల్ తగాదా కాదు, చీటింగ్.

పేటెంట్ ఏజెంట్లకు ఒక మాట. మీలో మంచివాళ్లు ఎక్కువమందే ఉన్నారు, నన్ను ఫీజు లేకుండా కూర్చోబెట్టి నిజం చెప్పిన మనిషీ మీలోవారే. కానీ నా కాగితాల మీద డిజిటల్ సంతకం కూడా రిజిస్టరైన ఒక ఏజెంటుదే. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు, నా మెషిన్ ఆయన చూడలేదు. కన్సల్టెన్సీలకు సంతకం అద్దెకివ్వడం ఆపండి. కస్టమర్‌తో ఒక్కసారైనా స్వయంగా మాట్లాడకుండా అతని పేరు మీద ఏదీ ఫైల్ చేయకండి.

ఇక నాలాగే ఏదో ఒకటి తయారుచేసుకుని, ఎవరికి చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు. ఫోన్‌లో తొందర పెట్టేవాణ్ని నమ్మొద్దు. మూత విప్పి ఎవరికీ చూపించొద్దు, వీడియో అసలే వద్దు. ఏజెంటు నంబరు అడిగి పేటెంట్ ఆఫీసువాళ్ల ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో చూసుకోండి. దరఖాస్తు నంబరు 12 అంకెలు ఉంటుంది. ముందు నాలుగు సంవత్సరం, ఐదో అంకె మన చెన్నై ఆఫీసుదైతే 4. రసీదులో ఎంత కట్టారో, ప్రొవిజనలా పూర్తిదా అన్నది చదివించుకోండి. మీ మెషిన్‌లో అసలు కిటుకు ఏదో ఆ కాగితంలో ఉందా అని అడగండి. ఇంగ్లిషు రాకపోతే ఊళ్లో టీచరు చేతనైనా చదివించుకోండి. ఫారంలో మీ సొంత ఫోన్ నంబరు, మీ ఈమెయిల్ ఉండేలా పట్టుబట్టండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామని తెలిస్తే ఆ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ లేఖతో పాటు మా పన్నెండు మంది రసీదులు, ఒప్పంద కాగితాలు, ఫోన్ మెసేజ్‌ల ప్రింట్లు ఒక ఫైలుగా పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. మొదటి డిమాండ్ మీద ఏం చేయబోతున్నారో ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. జవాబు తెలుగులో ఇవ్వండి. మా అక్క కూడా చదువుకుంటుంది.

ఇట్లు,
ఒక లేత్ షాపు ఫిట్టర్,
మరో పదకొండు మంది తరఫున,
గుంటూరు